ఎక్స్‌స్పెక్: ఉచితమే, డిఫాల్టులతోనే జాగ్రత్త

గెలాక్సీ గుచ్ఛాల్లోని వేడి ప్లాస్మా స్పెక్ట్రమ్‌ని ఫిట్ చేయాలంటే (అంటే మోడల్‌ని డేటాకి సరిపోయేలా సర్దాలంటే) ఎక్కువమంది ముందు తెరిచేది నాసా వాళ్ల ఎక్స్‌స్పెక్ అనే ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్. పైసా ఖర్చు లేదు, హీసాఫ్ట్ ప్యాకేజీలో వస్తుంది. లినక్స్, మ్యాక్‌ల మీద నేరుగా నడుస్తుంది. విండోస్ వాళ్లకి లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ లాంటిది కావాలి. మ్యాక్‌లో గ్రాఫ్ కిటికీ తెరుచుకోకపోతే ఆ కిటికీలు చూపించే ఎక్స్‌క్వార్ట్జ్ ప్రోగ్రామ్ ఉందో లేదో చూడండి.

పెర్సియస్ గుచ్ఛానికి టీబాబ్స్‌తో (దారిలోని వాయువు ఎక్స్‌రేల్ని పీల్చడాన్ని లెక్కించే భాగం) ఏపెక్‌ని (వేడి ప్లాస్మా వెలుగుని లెక్కించే భాగం) గుణించి మోడల్ కట్టారనుకుందాం. ఏపెక్‌లో రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల గీతలు తక్కువ శక్తి వైపు జరిగే కొలత) సున్నా దగ్గర ఫ్రీజ్ అయి, అంటే ఫిట్‌లో మారకుండా ఉంటుంది. దాన్ని 0.018కి మార్చడం మరిచిపోతే మోడల్‌లో ఇనుము గీత 6.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే నిలబడుతుంది, డేటాలో మాత్రం 6.58 దగ్గర కనిపిస్తుంది. గ్రాఫ్ కింద ఉండే రెసిడ్యువల్స్‌లో (డేటాకీ మోడల్‌కీ తేడా) ఎడమన గుట్ట, కుడిన గుంట. ఆ అల కనిపిస్తే ఉష్ణోగ్రతని కెలకొద్దు, రెడ్‌షిఫ్ట్ సరిచేయండి.

అసలు తంటా మూలకాల పాళ్ల పట్టికతో. డిఫాల్టుగా 1989 నాటి ఆండర్స్-గ్రెవెస్ విలువలే ఉన్నాయి: పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకి 46.8 ఇనుము. 2000 నాటి విల్మ్స్ పట్టికలో అది 26.9. కాబట్టి మొదటి పట్టిక విలువకి 0.3 వంతు వచ్చిన ఇనుము, రెండోదానికి 0.52 వంతు అవుతుంది. ప్లాస్మా అదే, డేటా అదే! టీబాబ్స్ వాడితే ముందే 'అబండ్ విల్మ్' కొట్టి, ఏ పట్టిక వాడారో పేపర్లో రాయండి. ఇన్నేళ్లయినా ఈ డిఫాల్టు మార్చనందుకు రేటింగులో ఒక చుక్క కోత.

ఫిట్ ఎంత బాగుందో కొలిచే స్టాటిస్టిక్ కూడా డిఫాల్టుగా కై-స్క్వేరే. ఫోటాన్లు తక్కువున్న బిన్నుల్లో (స్పెక్ట్రమ్‌ని విడగొట్టిన శక్తి గడుల్లో) ఎర్రర్ చిన్నదిగా లెక్కపడి, ఫిట్ కిందికి జారుతుంది. బిన్నుకి 25 కౌంట్లు వచ్చేలా గ్రూప్ చేస్తే ఆ బెడద తగ్గుతుంది, కానీ సన్నని గీతలు కలిసిపోతాయి. తక్కువ కౌంట్లకి సరిపోయే సీస్టాట్ అనే స్టాటిస్టిక్ పెట్టడం మేలు. అయితే బ్యాక్‌గ్రౌండ్ ఫైలు జతచేస్తే అది డబ్ల్యూస్టాట్ అనే రూపానికి మారుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఖాళీ బిన్నులుంటే జవాబు వంకర పోతుంది. బిన్నుకి కనీసం ఒక కౌంటుండేలా గ్రూప్ చేయండి.

పారామీటర్ల అనిశ్చితి లెక్కగట్టే ఎర్రర్ కమాండ్ ఏమీ చెప్పకపోతే 90 శాతం హద్దులిస్తుంది. వాటినే ఒక సిగ్మా (సుమారు 68 శాతం) అని రాసేవాళ్లు తక్కువేం కాదు. సిగ్మా కావాలంటే 'ఎర్రర్ 1.0' అని పారామీటరు నంబరివ్వండి. మధ్యలో ఇంకా మంచి ఫిట్ దొరికిందని చెబితే సంతోషించండి, అంతకుముందున్నది లోకల్ మినిమమ్, అంటే చుట్టుపక్కల మాత్రమే మంచి ఫిట్ అన్నమాట.

ప్లాస్మా వేగాలు కొలవాలంటే గీతల వెడల్పుని కూడా లెక్కించే బీఏపెక్ ఉంది, కానీ సీసీడీ (మామూలు ఎక్స్‌రే కెమెరా చిప్) డేటా మీద దండగ. పెర్సియస్‌లో హిటోమి ఉపగ్రహం కొలిచిన సెకనుకి 164 కిలోమీటర్ల అల్లకల్లోలం ఇనుము గీతని సుమారు 3.7 ఎలక్ట్రాన్ వోల్టుల సిగ్మాతో మాత్రమే వెడల్పు చేస్తుంది. సీసీడీ రిజల్యూషన్ 130కి పైనే. దానికి ఎక్స్‌రిజమ్ ఉపగ్రహంలోని రిజాల్వ్ లాంటి, 5 ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి పరికరం ఉండాలి.