కౌచ్ టు 5కె: ఇద్దరు పిల్లల తల్లిగా మూడేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. పరుగు మొదలుపెట్టాలనుకునే తల్లులకు కౌచ్ టు 5కె (సోఫాలోంచి లేపి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే) ప్లాన్ చాలా బాగా పనికొస్తుంది, దాని మీద రాసి ఉన్న ‘తొమ్మిది వారాలు’ అన్న గడువును పక్కన పెట్టగలిగితే. ఆ గడువు అందుకోలేక, ‘ఇక మన వల్ల కాదులే’ అని మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు హైదరాబాద్‌లో మా విద్యానగర్‌లోనే నాకు నలుగురైదుగురు తెలుసు. వాళ్లలో ఒక్కరు కూడా కాళ్లలో శక్తి లేక ఆగలేదు. ఒక వారం పిల్లాడికి జ్వరం, ఇంకో వారం చుట్టాలు, ఆ పై వారం పరీక్షలు, అంతే.

ఈ ప్లాన్ గురించి తెలియనివాళ్లకు కాస్త వివరం. 1996లో అమెరికాలో జాష్ క్లార్క్ అనే అతను, యాభై దాటిన తన తల్లి చేత పరుగు మొదలుపెట్టించడానికి రాసినది ఇది. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ 2016లో దీన్ని యాప్‌గా కూడా తెచ్చింది. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాక 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. రెండో వారం 90 సెకన్ల పరుగు, రెండు నిమిషాల నడక. మూడో వారంలో మూడు నిమిషాల పరుగు వస్తుంది, నాలుగో వారంలో ఐదు నిమిషాలది. అలా పెరుగుతూ తొమ్మిదో వారానికి 30 నిమిషాలు ఆగకుండా పరుగెత్తడం. పైసా ఖర్చు లేదు. కాగితం మీద రాసుకుని చేతి గడియారం చూసుకుంటూ కూడా చేయొచ్చు.

కొడుకు తల్లి కోసం రాశాడు కాబట్టేనేమో, ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది రోజువారీ పరుగుల్లో దూరంతో పని లేకపోవడం. లెక్కంతా నిమిషాల్లోనే చేసుకోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడదానికి ఎన్ని కిలోమీటర్లన్నది అర్థం లేని ప్రశ్న. ఎన్ని నిమిషాలు బయట ఉండగలను అన్నదే ప్రశ్న. ‘నేను అరగంటలో వచ్చేస్తాను’ అని అత్తయ్యకు చెప్పి, నిజంగా అరగంటలో వచ్చేయడం ఈ ప్లాన్‌తో కుదిరింది. మొదటి నెలలో అదే నాకు పెద్ద బలం. చెప్పిన టైముకు తిరిగొచ్చే మనిషిని రెండోసారి పంపడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మా ఇంట్లో రోజులు ఎలా కుదిరాయో చెబితే కొందరికైనా ఉపయోగం. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. నీళ్లొచ్చే రోజు ఇల్లు కదలడానికి లేదు. మోటారు వేయాలి, డ్రమ్ములు నింపాలి, బట్టలు నానబెట్టాలి. కాబట్టి నీళ్లు రాని రోజే నా పరుగు రోజు. ప్లాన్ కూడా పరుగుకీ పరుగుకీ మధ్య ఒక రోజు విశ్రాంతి ఉండాలంటుంది. రెండూ ఎంత చక్కగా కలిశాయంటే, క్యాలెండర్ చూసుకునే పని లేకుండా పోయింది. పరుగు రోజున ఇడ్లీ. పిండి రాత్రే రుబ్బి పెడతాను. నేను వచ్చేసరికి అత్తయ్య ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి ఉంచుతారు. స్కూల్ బస్సు ఏడున్నరకు కాబట్టి ఆరున్నరకు నేను ఇంట్లో ఉండాలి. ఈ ఒప్పందం కుదిరాకే నా పరుగు నిలబడింది. మా ఆయన, అత్తయ్య, నేను ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం, ఏ రోజు పిల్లలు లేస్తే ఎవరు చూడాలన్నది కూడా. ఆ మాటలు జరగకుండా షూస్ కొని ఏం లాభం అనిపిస్తుంది నాకు. ప్లాన్ తొమ్మిది వారాల పరుగు చెబుతుంది, ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుందో చెప్పదు. అది ఇంట్లోవాళ్లు ఇవ్వాలి, మనం అడగాలి. సిగ్గుపడకుండా అడగాలి.

మా ఆయన ఊరెళ్లిన రోజుల్లో మొదటి రెండు వారాల పరుగులు డాబా మీదే చేశాను. నిమిషం, నిమిషంన్నర పరుగులకు డాబా చాలు. మూడో వారం నుంచి చోటు కావాలి, మలుపులు ఎక్కువై మోకాళ్లు పట్టేస్తాయి.

చోటు విషయంలో నాకు అదృష్టం, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే. ఎన్‌సీసీ గేటు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా చెట్ల నీడ, వెడల్పాటి రోడ్డు, తెల్లవారుజామున కూడా మనుషుల అలికిడి. జూబ్లీహిల్స్ వైపు వాళ్లకు కేబీఆర్ పార్కు, కొత్తగూడ వాళ్లకు బొటానికల్ గార్డెన్, ఖైరతాబాద్ వాళ్లకు నెక్లెస్ రోడ్డు ఉన్నాయి. ఎంత మంచి పార్కైనా, బండి మీద పావుగంట వెళ్లి పరుగెత్తాలంటే ఆ అరగంట గంట అవుతుంది, తల్లులకు అది నిలవదు. ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యే దారి ఎంత మామూలుదైనా అదే మేలు.

క్యాంపస్‌లో ఇంకో మేలు కూడా జరిగింది. కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు ఈవెంట్స్ (పరుగు లాంటి శారీరక పరీక్షలు) ప్రాక్టీస్ చేసే అమ్మాయిలు అక్కడే ఉరుకుతారు. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. వాళ్లు దానికోసం పడే కష్టం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లలో ఒకమ్మాయి ఐదో వారంలో నాకు చెప్పిన మాట వల్లే ఈ ప్లాన్ దాటగలిగాను.

ఐదో వారం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆ వారం మొదటి రోజు ఐదేసి నిమిషాల పరుగులు మూడు. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలవి రెండు, మధ్యలో ఐదు నిమిషాల నడక. మూడో రోజు ఒక్కసారిగా 20 నిమిషాలు, మధ్యలో నడక లేకుండా. కాగితం మీద చూస్తే ఇది అన్యాయం అనిపిస్తుంది. నాకు పన్నెండో నిమిషానికి ఊపిరి అందలేదు. ఆ తర్వాతి సారీ అంతే. పక్కన ఆగిన ఆ అమ్మాయి, “అక్కా, మీరు జల్ది జల్ది పోతున్రు. ఇంకా మెల్లగ ఉరుకున్రి, నాతోని మాట్లాడుకుంట రాన్రి” అంది. నిజంగానే మాట్లాడుకుంటూ, పక్కన వేగంగా నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతుంటే, నెమ్మదిగా వెళ్లాం. ఇరవై నిమిషాలు అయిపోయాయి. మాట్లాడగలిగినంత నెమ్మదిగా వెళ్లడమే కొత్తవాళ్ల వేగం. ఆ వేగంలో గుండె, ఊపిరి ఓర్చుకోవడం నేర్చుకుంటాయి, కీళ్ల మీద భారం తక్కువ. ప్లాన్‌లో ఈ మాటకు ఇంకా పెద్ద అక్షరాలు ఉండాల్సింది.

వారాలను మళ్లీ చేయడం గురించి. చిన్నోడు రాత్రి మూడుసార్లు లేచిన మర్నాడు నేను కొత్త వారానికి వెళ్లను, పాత వారాన్నే చేస్తాను. పది రోజులు ఆగాల్సొస్తే రెండు వారాలు వెనక్కి వెళ్తాను. ఇలా పూర్తి చేయడానికి నాకు ఆరు నెలల పైనే పట్టింది. మధ్యలో ఆగినప్పుడు కూడా శరీరం అన్నీ మర్చిపోదు. ప్రతిసారీ మొదటిసారి కన్నా త్వరగా అదే చోటికి చేరాను. ఈ ప్లాన్ తల్లులకు సరిపోతుందని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఎక్కడ వదిలితే అక్కడి నుంచి అందుకోవచ్చు.

ఇక దీనికి తెలియని సంగతులు. ఇది చల్లటి దేశంలో పుట్టింది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పొద్దున ఏడింటికే చెమటలు. మే చివర్లో సూర్యోదయం 5:40కి, కాబట్టి ఐదుంపావుకే బయటపడాలి. అలవాటు లేని శరీరానికి ఎండ అలవాటు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు ప్లాన్‌లో ముందుకు వెళ్లకూడదు, ఉన్నచోటే ఉండాలి. రాగానే మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగుతాను. జనవరిలో ఇబ్బంది వేరు. 6:45 దాటితే గానీ సూర్యుడు రాడు, చీకట్లో కుక్కల భయం. కుక్కల గుంపు కనబడితే పరుగు ఆపి నడవాలి, వాటి కళ్లలోకి చూడకుండా పక్కకు తప్పుకోవాలి. గుంపు ఉన్న వీధిని నా దారిలోంచి తీసేశాను. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద అసలు వెళ్లను, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికి తెలుసు.

రెండోది ఒళ్లు. కాన్పు అయిన ఆడవాళ్ల గురించి ఇందులో ఏమీ లేదు. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాన్పు తర్వాత మూడు నెలల లోపు పరుగు వద్దు. ఆ తర్వాత కూడా తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలు పడుతున్నా, కింద బరువుగా అనిపిస్తున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. నాకు చిన్నోడు పుట్టిన ఏడాదిన్నర తర్వాత కూడా ఎనిమిది నిమిషాలు దాటితే ఆ ఇబ్బంది వచ్చేది. ఒక ఫిజియోథెరపిస్టు పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాల) వ్యాయామాలు నేర్పారు. కండరాలను లోపలికి బిగించి పట్టి ఉంచడం, పూర్తిగా వదలడం, రోజుకు మూడు విడతలు. మూడు నెలల్లో చాలా తగ్గింది. పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేలే అని చెప్పేవాళ్ల మాట వినకండి. ఎక్కువ మందికి వస్తుంది, అలాగని భరించాల్సిన అవసరం లేదు, వైద్యం ఉంది. దీని గురించి మనలో మనం కూడా మాట్లాడుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

రక్తం సంగతి కూడా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. నాకు 10 దగ్గర తేలింది. మెట్లెక్కితే ఆయాసం రావడం వయసు వల్ల అనుకునేదాన్ని. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటూ, భోజనం అయిన వెంటనే టీ తాగడం మానేశాను, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రెండు నెలలకు పరుగులో తేడా తెలిసింది. ప్లాన్ మొదలుపెట్టే ముందు రక్త పరీక్ష చేయించుకోండి, దయచేసి.

పేరులో ఉన్న 5కె విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. అరగంటలో ఐదు కిలోమీటర్లు అంటే కిలోమీటరు ఆరు నిమిషాల్లో. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఆ వేగంతో వెళ్లలేరు. నేను కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు, కాబట్టి తొమ్మిదో వారం అయ్యేసరికి నాలుగు కిలోమీటర్లు కూడా కాలేదు. ఐదు పూర్తి కావడానికి 40 నిమిషాలు కావాలి. ఆ తేడా ముందే తెలిసి ఉంటే, ప్లాన్ అయినా ఐదు కాలేదని నా స్నేహితురాలు ఏడ్చేది కాదు. తొమ్మిదో వారం తర్వాత వారానికోసారి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే ఐదు దానంతటదే వస్తుంది.

సామాన్లలో డబ్బు పెట్టాల్సినవి రెండే, షూస్, స్పోర్ట్స్ బ్రా. పాలిచ్చే తల్లులు పాలిచ్చాకే బయలుదేరితే సుఖం. షూస్ ఆరేడు వందల కిలోమీటర్లకు అరిగిపోతాయి, మన వేగంలో ఏడాది దాటి వస్తాయి. బట్టల గురించి అడిగేవాళ్లుంటారు, నేను లెగ్గింగ్స్ మీద పొడుగు కాటన్ కుర్తా వేసుకుంటాను, పరుగుకు ఏ అడ్డూ లేదు. నేను వాడిన ఉచిత యాప్‌లో మధ్యమధ్య ప్రకటనలు వచ్చి నడక మొదలైన సంగతి వినబడేది కాదు. అది తీసేసి ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నాను, హాయిగా ఉంది.

ప్లాన్ అయ్యాక దానిలో ఇంకేమీ లేదు. పది కిలోమీటర్ల కోసం నేను జెఫ్ గాలోవే పద్ధతికి మారాను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన మనిషి ఆయన. అలసట రాకముందే నడవాలన్నది ఆయన పద్ధతి. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10కె అలాగే పూర్తి చేశాను.

ఇప్పటికే వారానికి నాలుగైదు రోజులు చెమట పట్టేలా నడిచేవాళ్లకు మొదటి రెండు వారాలు తేలిక, నేరుగా మూడో వారంలో చేరొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. మిగిలినవాళ్లు దసరా సెలవులు అయ్యాక మొదలుపెట్టండి. పిల్లల స్కూలు గాడిలో పడుతుంది, చలి ఇంకా ముదరదు, ఎండాకాలం వచ్చేలోపు వారాలు మళ్లీ మళ్లీ చేసుకోవడానికి నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి.