5 వోల్టులు రావాల్సిన చోట 4.5 వస్తోందా? స్క్రూ తిప్పడం, కెపాసిటర్ మార్చడం, మాడ్యూలే మార్చడం: ఏది మేలు?

12 వోల్టుల అడాప్టర్ నుంచి 5 వోల్టులు తీయాలంటే మనలో చాలామంది వాడేది వోల్టేజీ తగ్గించే ఎల్ఎం2596 మాడ్యూలే. వోల్టేజీ సర్దుకునే నీలం ప్రీసెట్, దాని మీద ఇత్తడి స్క్రూ, పక్కన కాయిల్ ఉండే ఆ చిన్న బోర్డు. నేను దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు పెట్టాను. లోడ్ లేనప్పుడు మీటర్‌లో సరిగ్గా 5 వచ్చేది. పని పెరగగానే తెర మీద మెరుపు గుర్తు పడేది. సరఫరా 4.63 వోల్టుల కంటే తగ్గితే రాస్ప్‌బెర్రీ ఇచ్చే హెచ్చరిక అది. రాస్ప్‌బెర్రీ దగ్గర కొలిస్తే 4.5 ఉంది.

ఇలాంటప్పుడు చెయ్యి ముందు స్క్రూ మీదికే పోతుంది. కాస్త తిప్పితే 5 కనిపిస్తుంది, పనైపోయిందనిపిస్తుంది. కారణం తెలియకుండా ఈ పని మాత్రం చేయకండి. లోడ్ మీద 4.5 ఉన్నదాన్ని 5కి తెస్తే, లోడ్ తగ్గగానే అది 5.5 దాకా పోతుంది. రాస్ప్‌బెర్రీకి ఇచ్చేది 5.25 దాటకూడదు. అది కాలిపోయే ప్రమాదం ఉంది.

కెపాసిటర్ సంగతి వేరు. పైన ఉబ్బి ఉంటే వెంటనే మార్చేయాలి, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) రకమే వేయాలి. ఏళ్ల తరబడి వేడిలో నడిచిన పాత అడాప్టర్లలో ఇది బాగా ఫలిస్తుంది, లోపలి ద్రవం ఎండిపోతుంది కాబట్టి. కొన్న నెలకే వోల్టేజీ పడిపోతున్న మాడ్యూల్‌లో మాత్రం ముందుగా కెపాసిటర్‌ను అనుమానించడం తొందరపాటు.

మాడ్యూల్ మార్చడం సులువు, ఖర్చూ తక్కువే. నేనూ అదే చేశాను. కొత్తది పెట్టినా అదే 4.5! అప్పుడు గానీ మీటర్ సరిగ్గా పట్టుకోలేదు.

లోడ్ ఉండగానే ఐసీ (మాడ్యూల్ మీది ఐదు కాళ్ల చిప్) నాలుగో కాలు దగ్గర కొలవాలి. అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి నాలుగోది ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్ ఎంతుందో ఐసీ చూసుకునే కాలు. అక్కడ 1.23 వోల్టులు ఉండాలి. ప్రోబ్ జారి పక్క కాలికి తగలకుండా చూసుకోండి. 1.23 ఉందంటే ఐసీ తన పని తాను చేస్తున్నట్టే. అప్పుడు బోర్డు అవుట్‌పుట్ దగ్గరే తక్కువ ఉంటే ప్రీసెట్ సెట్టింగ్ తప్పు, స్క్రూ తిప్పాల్సింది ఆ ఒక్క సందర్భంలోనే. బోర్డు దగ్గర బాగానే ఉండి అవతలి కొసలో తక్కువైతే తప్పు వైరుది.

నా దగ్గర జరిగింది అదే. నాలుగో కాలు దగ్గర 1.23, బోర్డు మీద 5, రాస్ప్‌బెర్రీ దగ్గర 4.5. వైరు 0.2 చదరపు మిల్లీమీటర్లది, పొడవు ఒకటిన్నర మీటర్లు. రానూ పోనూ కలిపితే 3 మీటర్లు, దాదాపు 0.26 ఓమ్‌లు. 2 ఆంప్స్ లాగితే దారిలోనే అర వోల్టు పోతుంది. 1 చదరపు మిల్లీమీటర్ వైరు వేసి పొడవు సగానికి తగ్గించాక మెరుపు గుర్తు మళ్లీ రాలేదు. అనవసరంగా కొన్న రెండో మాడ్యూల్ ఇప్పుడు డబ్బాలో పడి ఉంది.

ఫీడ్‌బ్యాక్ 1.23 కంటే తక్కువుంటే మాత్రం ఐసీ ప్రయత్నిస్తున్నా చేతకావడం లేదన్నమాట. ముందు ఇన్‌పుట్ కొలవండి. ఐసీ లోపలి స్విచ్‌లోనే నిండు లోడ్ మీద వోల్టుకు పైగా పోతుంది, అందుకే 6 వోల్టుల బ్యాటరీ కాస్త దిగితే చాలు, దాని నుంచి 5 రాదు. బలహీనమైన 12 వోల్టుల అడాప్టర్ కూడా లోడ్ పడగానే కూలబడవచ్చు. ఇన్‌పుట్ గట్టిగా ఉండి, ఐసీ చెయ్యి పెట్టలేనంత కాలుతూ, లోడ్ 3 ఆంప్స్ లోపే ఉంటే అప్పుడు మాడ్యూల్ మార్చడమే మేలు. పైన ఎల్ఎం2596 అని రాసి ఉన్నా, లోపలి స్విచ్ 150 కిలోహెర్ట్జ్ వేగానికి బదులు 50 దగ్గర నడిచే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. ఆ వేగానికి బోర్డు మీది కాయిల్ చాలదు, కరెంటు పరిమితి ముందే తగులుతుంది. అలాంటి బోర్డులో కెపాసిటర్, డయోడ్ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ కూర్చోవడం వృథా శ్రమ.