నిటారు ఆకుల మొక్కజొన్న, వాలుటాకుల మొక్కజొన్న: సెన్సార్ అంకెను ఎలా చదవాలి

ఆకులు పక్కకు వాలే హైబ్రిడ్ సాళ్ల మధ్య నేలను తొందరగా కప్పేస్తుంది. పైనుంచి చూసే గ్రీన్‌సీకర్ అనే చేతి సెన్సార్‌లో ఎన్‌డీవీఐ, అంటే పైరు పచ్చదనాన్ని చెప్పే అంకె, ఎక్కువ వస్తుంది. పైరు పూర్తిగా కమ్ముకున్నాక నత్రజని కాస్త తగ్గినా అంకె కదలదు.

నిటారు ఆకుల రకంలో అదే వయసుకు మట్టి కనబడుతూ ఉంటుంది కాబట్టి అంకె తగ్గుతుంది. అది పైరు ఆకలి కాదు, ఆకు వాటం. ఆ తేడా తెలియక 45 కిలోల యూరియా బస్తా ఒకటి ఎక్కువ వేస్తే దాదాపు 21 కిలోల నత్రజని వృథా.

ఒకదాని అంకె రెండోదానికి పనికిరాదు. ఏ హైబ్రిడ్ వేస్తే అందులోనే నాలుగు సాళ్లకు నత్రజని నిండుగా ఇచ్చి, వాటితోనే పోల్చండి. పైరు మీద 60–120 సెం.మీ. ఎత్తున, సాలు వెంబడే సెన్సార్ పట్టండి.

కండె ఎండేదాకా ఆకు పచ్చగా నిలిచే రకాలు పూత తర్వాత కూడా నత్రజని లాగుతాయి. వాటికి చివరి దఫా యూరియా పూత దశకు ఉంచాలి.