911కి ఫోన్: వచ్చిన ఇంగ్లిషా, తెలుగు దుబాసీనా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు అక్కడి అత్యవసర సాయం నంబరు 911కి ఫోన్ చేయాల్సి వస్తే రెండు దారులున్నాయి. ఒకటి, వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కలతోనే చెప్పడం. టెన్షన్‌లో వాక్యాలు రావు, మాటలు వస్తాయి. ముందు అడ్రస్, తర్వాత "హస్బెండ్, చెస్ట్ పెయిన్" అన్నా చాలు. మా అమ్మ కోసం ఇంటి నంబరు ఒక్కో అంకె విడదీసి, తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

రెండోది, "తెలుగు" అని చెప్పి దుబాసీ కోసం ఆగడం. చాలాచోట్ల ఫోన్‌లోనే కలుపుతారు, కానీ కాసేపు పడుతుంది. అందుకే ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు అడ్రస్ చెప్పేయాలంటాను.

ఆస్పత్రిలో మాత్రం దుబాసీనే అడగాలి. గుండె దడ వేరు, గుండె మంట వేరు. ఇంగ్లిషులో చెప్పలేక దేనికైనా తలూపేస్తే ప్రమాదం. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగానే ఏర్పాటు చేయాలి. మనవడిని మధ్యలో నిలబెట్టొద్దు.