శాతం చూపించే లెవెల్: పరీక్ష కోసం కొన్నాను, ఇప్పుడు సైట్లో వాడుతున్నాను

రెండడుగుల డిజిటల్ లెవెల్, అంటే నేల మీద పెడితే వాలు ఎంతో తెర మీద అంకెల్లో చూపించే పట్టీ, దాని గురించి ఇప్పటికే బోలెడు రాశారు. బ్యాటరీ ఎంతకాలం వస్తుంది, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుందా, వానలో తడిస్తే ఏమవుతుంది, ఇలాంటివన్నీ. అవేవీ మళ్ళీ చెప్పను. నాకు దీంట్లో నచ్చింది ఒకే ఒక్క బటన్, వాలుని డిగ్రీల్లోంచి శాతంలోకి మార్చేది. అది ఒకసారి నొక్కాక మళ్ళీ డిగ్రీల వైపు పోలేదు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ లైసెన్స్ పరీక్షకి చదివే రోజుల్లో కొన్నాను. లైసెన్స్ వచ్చి సైట్లు చూసుకునే పనిలో పడ్డాక కూడా కారులోంచి దిగలేదు, కాబట్టి చదువుకునేవాళ్ళూ ఉద్యోగంలో ఉన్నవాళ్ళూ ఇద్దరూ చదవచ్చు.

శాతం మీద అంత మోజు ఎందుకంటే, మేం గీసే ప్రతి గ్రేడింగ్ షీటు (నేలని ఎక్కడ ఎంత వాల్చాలో చూపే డ్రాయింగ్) మీద వాలు శాతంలోనే ఉంటుంది. వంద అడుగులు నడిస్తే నేల ఎన్ని అడుగులు దిగింది, అంతే లెక్క. విచిత్రం ఏంటంటే ఈ అంకెతో రోజూ పనిచేసేవాళ్ళలో చాలామందికి 2 శాతం అంటే కాలి కింద ఎలా ఉంటుందో తెలీదు. కంప్యూటర్లో బాణం గుర్తు పెట్టి పక్కన 2% అని రాసేస్తాం, అయిపోయింది అనుకుంటాం.

అమెరికా, కెనడాల్లో లైసెన్సుకి రాసే ఎల్‌ఏఆర్‌ఈలో నాలుగు భాగాలుంటాయి. 2023 డిసెంబర్ నుంచి వాటి పేర్లూ సరిహద్దులూ మార్చారు కానీ గ్రేడింగ్, డ్రైనేజ్ ఉన్న భాగం అంటే జనానికి ఉన్న టెన్షన్ మాత్రం మారలేదు. మొక్కల గురించి గంటలు మాట్లాడగలిగేవాళ్ళు కూడా కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) చూడగానే బిగుసుకుపోతారు. ఆ భాగానికి నేను చేసిన తయారీలో పుస్తకాల కంటే ఎక్కువ పనికొచ్చింది ఈ లెవెలే, అది నిజంగా ఊహించలేదు.

చేసింది చాలా మామూలు పని. నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగి, ఇక్కడ వాలు ఎంతుంటుందో ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత లెవెల్ పెట్టి చూడటం. ఫుట్‌పాత్ మీద, పార్కింగ్ స్థలంలో, గడ్డి గట్టు మీద, ఎక్కడైనా. జనం వింతగా చూస్తారు, చూడనివ్వండి. మొదట్లో నా అంచనాలు రెట్టింపు ఉండేవి, 4 అనుకున్నది 2 వచ్చేది. మెల్లగా కాలికి తెలియడం మొదలైంది. 1 శాతం కంటికి చదునే, కాకపోతే కాంక్రీట్ పోత ఏ కొంచెం తేడాగా ఉన్నా అక్కడ నీళ్ళు నిలుస్తాయి. 2 కూడా చదునులాగే కనిపిస్తుంది కానీ నీళ్ళు పోతాయి. 5 పిక్కలకి తెలుస్తుంది. 8 దాటితే తోపుడు బండి నెట్టేవాడు ముందుకి వంగుతాడు. గడ్డి కోసే యంత్రం నడవాలంటే 33 శాతం, అంటే మూడడుగులకి ఒక అడుగు, అదే మామూలుగా అందరూ పెట్టుకునే హద్దు.

అసలు చిట్కా ఇక్కడుంది. అంకె చూసి వదిలేయకుండా దాని పక్కనే, ఒక్కో అడుగు ఎత్తుకి ఒక కాంటూర్ గీస్తే గీతకీ గీతకీ ఎంత దూరం వస్తుందో రాయండి. 100ని శాతంతో భాగిస్తే చాలు. 2 శాతానికి 50 అడుగులు, 5కి 20, ర్యాంప్ హద్దు 8.33కి 12, 33కి 3 అడుగులు. అంగుళానికి 20 అడుగుల స్కేల్ డ్రాయింగ్ మీద 5 శాతం అంటే గీతల మధ్య సరిగ్గా అంగుళం. ఇలా కొన్నాళ్ళు చేశాక షీటు మీద గీతలు దగ్గర పడిన చోట పిక్కలు పట్టేసినట్టు అనిపించేది. నవ్వకండి, నిజంగానే. పరీక్షలో ఏం అడిగారో బయటపెట్టకూడదు, ఆ ఒప్పందానికి ఒప్పుకునే అందరం కూర్చుంటాం, కాబట్టి ఆ మాట వద్దు. కానీ దశాంశ బిందువు ఒక స్థానం జరిగి పార్కింగ్ స్థలానికి 20 శాతం వాలు వచ్చినప్పుడు, అది కుదరదని క్యాలిక్యులేటర్ చెప్పదు, కాలు చెబుతుంది. నాకు గ్రేడింగ్ మీద భయం పోయింది అక్కడే.

ఇంతవరకే చదివి కొనేయకండి. ఆ భాగంలో వాలు ఒక ముక్క మాత్రమే. వాన నీటి లెక్కకి లెవెల్ ఏ సాయమూ చేయదు. ప్రవాహం కట్టడానికి నేల గుణకాన్నీ (పడిన వానలో ఎంత వంతు పారిపోతుందో చెప్పే అంకె), గంటకి అంగుళాల్లో వాననీ, ఎకరాల్లో విస్తీర్ణాన్నీ గుణించాలి, జవాబు సెకనుకి ఘనపుటడుగుల్లో వచ్చేస్తుంది. ఎకరంలో అంగుళం లోతు నీరు గంటలో పోవడం దాదాపు సెకనుకి ఒక ఘనపుటడుగుతో సమానం కాబట్టే మధ్యలో ఏ మార్పిడీ అక్కర్లేదు. విస్తీర్ణం చదరపుటడుగుల్లో ఇచ్చినప్పుడు 43,560తో భాగించడం మర్చిపోయేవాళ్ళు మాత్రం కోకొల్లలు. మట్టి తవ్వకం లెక్కలో ఘనపుటడుగుల్ని 27తో భాగిస్తే గానీ ఘనపు గజాలు రావు. ఇవన్నీ కాగితం, పెన్సిలు పెట్టుకుని చేతికి అలవాటు కావాల్సిందే, సైట్లో తిరిగితే రావు.

ఇక ఈ లెవెల్ నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి. ఒక భవనం ముందు వీల్‌చెయిర్ పార్కింగ్ స్థలాలు పోశారు, అప్పగించే ముందు చూడ్డానికి వెళ్ళాను. అక్కడ ఏడీఏ (వికలాంగుల హక్కుల అమెరికా చట్టం) నియమం ఏ దిశలోనూ 1:48 దాటకూడదంటుంది, అంటే 2.08 శాతం. ఎండ మండిపోతోంది, లెవెల్ పొద్దుటి నుంచీ కారులోనే ఉంది. పెట్టిన చోటల్లా 2.4, ఒక పలక మీద ఏకంగా 2.9. నేను అంకెలు రాసుకుంటుంటే కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్ ముఖం మారిపోయింది, ఎందుకంటే ఆ అంకెలు నిజమైతే అంతా పగలగొట్టి మళ్ళీ పోయాలి. మాటలు పెరుగుతున్నాయి. ఆయన తన షీట్లు చూపిస్తాడు, నేను తెర చూపిస్తాను.

ఇదంతా వింటూ పక్కన నిలబడ్డ కాంక్రీట్ మేస్త్రి, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి, దగ్గరికొచ్చి, "ఒకసారి అటుది ఇటు తిప్పి పెట్టండి" అన్నాడు. అదే చోట లెవెల్‌ని ఈ కొసది ఆ కొసకి తిప్పి పెట్టాను. 1.8. నేల మారలేదు, అంకె మారింది. అంటే లెవెల్ సున్నా 0.3 పక్కకి జరిగి కూర్చుంది, అసలు వాలు రెండింటి మధ్యన, 2.1 దగ్గర. ఆయన అంతటితో ఆగలేదు. పెట్టెలోంచి మామూలు రసమట్టం తీశాడు, అదీ రెండడుగులదే, ముందు దాన్నీ తిప్పి చూసి బాగుందని నిర్ధారించుకున్నాడు. తర్వాత అర అంగుళం మందం ప్లైవుడ్ ముక్క ఒకటి దిగువ కొస కింద పెట్టాడు. రెండడుగులకి అర అంగుళం అంటే 24కి సగం, సరిగ్గా 1:48. బుడగ గీతల మధ్య నిలబడితే హద్దు మీద ఉన్నట్టు, ఎగువ వైపు జరిగితే వాలు ఎక్కువైనట్టు. చాలా చోట్ల బుడగ దాదాపు మధ్యలోనే నిలిచింది. నా లెవెల్ 2.9 చూపించిన పలక మీద మాత్రం స్పష్టంగా ఎగువకి పోయింది. నేను తిప్పి చూస్తే అక్కడ 2.3, సగటు 2.6. ఆ ఒక్క పలకే తీసి మళ్ళీ పోశారు, వాళ్ళూ ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను. అందులో బ్యాటరీ ఉన్న వస్తువు ఒక్కటే, అదే నాది, అదే తప్పు చెప్పింది.

తయారీ సంస్థ మీద నా కోపం ఇదే. కింద పడితేనో, ఉష్ణోగ్రత బాగా మారితేనో మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలని, అంటే సున్నా సరిచేయాలని, వాళ్ళ పుస్తకంలో వెనక పేజీల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. తెర మీద మాత్రం ఒక్క హెచ్చరికా రాదు. పెద్ద పెద్ద అంకెలతో, ఎంతో నమ్మకంగా తప్పు చెబుతుంది. రెండు బటన్లు నొక్కి తిప్పితే అయిపోయే పని, నిమిషం కూడా పట్టదు, దాన్ని గుర్తు చేయడానికి ఒక చిన్న లైటు పెట్టలేకపోయారు. ఇప్పుడు సైట్లో దిగగానే కాసేపు నీడలో ఉంచి, క్యాలిబ్రేట్ చేసి, ఆపైన కూడా ముఖ్యమైన ప్రతి చోటా రెండు వైపులా పెట్టి సగటు తీస్తాను. పని రెట్టింపు. పైన అంతగా పొగిడిన ఆ బటన్ ఈ లెక్కన సగం మాత్రమే నమ్మదగ్గది.

ఇంకోటి కూడా ఉంది. తెర మీద కనిపించేది దశాంశం తర్వాత ఒక్క అంకె. 2.1 అని చూపిస్తే అది 2.06 కావచ్చు, 2.14 కావచ్చు, నియమం హద్దు ఆ మధ్యలోనే పడింది. కాబట్టి హద్దు మీద గొడవ తేల్చడానికి ఇది పనికిరాదు. అసలు గొడవే రాకుండా గీయడం మేలు. నేను 2.08 హద్దున్న చోట షీటు మీద 1.5 రాస్తాను. దారికి 5 బదులు 4.5, ర్యాంప్‌కి 8.33 బదులు 7.5. దారి 5 దాటిందంటే చట్టం దృష్టిలో ర్యాంప్ అయిపోతుంది, 6 అంగుళాలకి మించి ఎక్కితే చేతికడ్డీలు, 30 అంగుళాలు ఎక్కేలోగా ఆగడానికి చదునైన చోటు, ఇలా ఖర్చంతా వెంటబడుతుంది. పోత పోసే చేతికి ఆ కొంచెం వెసులుబాటు ఇవ్వని డ్రాయింగ్ ఎంత అందంగా ఉన్నా సైట్లో తిట్లే. స్థలం ఇరుకైతే ఈ వెసులుబాటు దొరకదు, అది వేరే తలనొప్పి.

గడ్డి మీద, మట్టి మీద ఇది దాదాపు దండగ. గోడ పక్క మట్టి మొదటి 10 అడుగుల్లో 5 శాతం బయటికి వాలాలని బిల్డింగ్ కోడ్ అంటుంది కదా, అది రెండడుగుల లెవెల్‌తో చూస్తే ఒక గడ్డ మీద 9, పక్కనే 1. పొడవాటి తిన్నని చెక్క వేసి దాని మీద పెడితే కాస్త అర్థం ఉంటుంది. వాన నీరు పోయే స్వేల్ లాంటి పొడవైన వాటికి సర్వే పరికరమే కావాలి.

కొనాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. నేను వారంలో సగం సైట్లలో ఉంటాను, నా పనుల్లో వీల్‌చెయిర్ దారులు ఎక్కువ, అందుకని తిట్టుకుంటూనే వాడుతున్నా, ఇది పోతే మళ్ళీ ఇలాంటిదే కొంటానేమో, అప్పటికి హెచ్చరిక లైటు ఉన్నది దొరికితే మరీ మంచిది. ఆఫీసులోనే ఉంటూ పరీక్షకి మాత్రమే చదివేవాళ్ళయితే కొన్నాళ్ళు ఎవరిదైనా అరువు తీసుకోండి, పిక్కలకి నేర్పాక తిరిగి ఇచ్చేయండి. మొక్కల డిజైన్ మాత్రమే చేసేవాళ్ళకి దీంతో ఏం పని ఉంటుందో నాకు తట్టలేదు. నాలుగడుగులది తీసుకోవాలా అని అడిగేవాళ్ళుంటారు. అది చిన్న చిన్న ఎత్తుపల్లాల్ని దాటేసి మొత్తం వాలు బాగా చూపిస్తుంది, కాకపోతే వీల్‌చెయిర్ చక్రం ఇరుక్కునేది ఆ చిన్న ఎత్తుపల్లాల్లోనే, పైగా నా కారులో అడ్డంగా పట్టలేదు.