ఎఫెక్ట్ మెనూ జోలికి పోనంతవరకు బంగారమే: పాత టేపుల డిజిటైజేషన్‌లో ఆడాసిటీ

గ్రంథాలయంలో పాత శబ్దాలను డిజిటల్‌లోకి ఎక్కించడం నా పని. క్యాసెట్లు, స్పూల్ టేపులు, అడపాదడపా 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులు. కొన్నేళ్లుగా ఈ పనికి నేను వాడుతున్నది శబ్దాన్ని రికార్డు చేసి దిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్, దానికి తోడుగా శబ్దం ఫైల్లో వివరాలు రాసే బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్ అనే చిన్న ప్రోగ్రాము. రెండూ ఉచితమే. “ఫ్రీగా దొరికేదాంతో ఆర్కైవ్ పనేమిటండీ” అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బాగానే నడుస్తుంది. కాకపోతే దానితో ఏ పని చేయించుకోవాలో, ఏ పని చేయించుకోకూడదో ముందే తేల్చుకుని కూర్చోవాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆడాసిటీని 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000లో జనంలోకి వచ్చింది. 2021లో మ్యూజ్ గ్రూప్ చేతికి వెళ్లినప్పుడు, వాడేవాళ్ల సమాచారం సేకరిస్తారా అన్న విషయం మీద పెద్ద గొడవే నడిచింది. నన్నడిగితే రికార్డింగ్ కంప్యూటర్‌కు అసలు ఇంటర్నెట్టే ఉండకూడదు. టేపు సగంలో ఉండగా అప్‌డేట్ అంటూ ఏదో ఒకటి తెర మీదికి వస్తుంది. నెట్ తీసేస్తే రెండు తలనొప్పులూ పోతాయి.

శబ్ద ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ 2004లో టీసీ-04 అనే మార్గదర్శకాలు తెచ్చింది, 2009లో రెండో కూర్పు వచ్చింది. శబ్దాన్ని సెకనుకు కనీసం 48 వేల సార్లు కొలవాలని (48 కిలోహెర్ట్జ్), ఒక్కో కొలతను 24 బిట్లలో రాయాలని, 96 కిలోహెర్ట్జ్ అయితే ఇంకా మంచిదని అందులో ఉంది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే ఎలాగూ వినపడదు కదా, మరి 96 దేనికి? చెవి కోసం కాదు. గీతలు పడ్డ రికార్డులో వచ్చే చిటపటలు చాలా సన్నగా, నిటారుగా ఉంటాయి. ఎక్కువ రేటులో పట్టుకుంటే వాటి ఆకారం చెదరకుండా ఉంటుంది. రేపు శుభ్రం చేయబోయే సాఫ్ట్‌వేర్ ఏది పాటో ఏది గీతో సులువుగా తేల్చుకోగలుగుతుంది. స్టీరియోలో గంటకు సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటి పెరగదు కాబట్టి, నెమ్మదిగా తిరిగే పెద్ద స్పూలు రెండు గంటలు దాటితే మాత్రం ఇబ్బంది. అలాంటప్పుడు ఆర్‌ఎఫ్64 రకంలో దాచుకోవాలి.

ఈ 96, 24 అంకెలను ఆడాసిటీలో ఎంచుకుంటే పనైపోయిందనుకోకండి, ముఖ్యంగా విండోస్‌లో. కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొట్టమొదట చూపించేది ఇదే. విండోస్ నుంచి ఆడాసిటీకి శబ్దం వచ్చే దారిని ఆడియో హోస్ట్ అంటారు. అది ఎంఎంఈ అనే పాత దారి మీద ఉంటే, తెర మీద 24 బిట్ అని రాసి ఉన్నా లోపలికి వచ్చేవి 16 బిట్లే. వాసాపీ అనే కొత్త దారికి మార్చాలి. మార్చాక కూడా కన్వర్టర్ (టేపు శబ్దాన్ని అంకెలుగా మార్చే పరికరం) సొంత ప్యానెల్‌లో, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, ఆడాసిటీ ప్రాజెక్టులో, మూడుచోట్లా ఒకే రేటు ఉండాలి. ఒకచోట 48, ఇంకోచోట 96 ఉంటే మధ్యలో ఎవరో ఒకరు గుట్టుచప్పుడు కాకుండా రేటు మార్చేస్తారు. ఎర్రర్ రాదు, ఫైలు మీద 96 అనే ఉంటుంది, ఏ స్వరం ఎంత ఉందో బొమ్మలో చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరిస్తే 24 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. విండోస్‌లోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు కూడా ఆపేయాలి.

ఎగుమతి చేసేటప్పుడు ఇంకొక చిన్న మెలిక ఉంది. ఆడాసిటీ లోపల అంతా 32 బిట్ ఫ్లోట్‌లో నడుస్తుంది. 24 బిట్లు అందులో నష్టం లేకుండా ఇమిడిపోతాయి. కానీ బయటికి 24 బిట్‌గా రాసేటప్పుడు మామూలు సెట్టింగులో డిథర్ అనే సన్నటి రొదను కలుపుతుంది. చెవికి తెలిసేది కాదు. అయినా మనం ఏమీ మార్చని శబ్దానికి అదెందుకు? క్వాలిటీ సెట్టింగుల్లో డిథర్‌ను ‘నన్’ చేస్తే కన్వర్టర్ ఇచ్చిన బిట్లు ఇచ్చినట్టే బయటికొస్తాయి. మాస్టర్ ఫైలుకు, అంటే శాశ్వతంగా దాచే మూల ప్రతికి, నాకు కావలసింది అంతే.

ఇక శీర్షికలో చెప్పిన మాట. ఎవరు వచ్చినా మొదట అడిగేది, “ఆ గుయ్యిమనే రొద తీసేయొచ్చు కదా?” తీయొచ్చు. ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్ ఉంది, నొక్కితే నిజంగానే రొద తగ్గుతుంది. దాంతోపాటు మాట చివర్లో ‘స’, ‘శ’ల అంచులు, గదిలోని గాలి, తంబుర శ్రుతిలోని పై తరంగాలు కూడా కొంత పోతాయి. ఏది పోయిందో ఈ రోజు మనకు తెలియదు. పదేళ్ల తర్వాత ఇంతకంటే తెలివైన పరికరం వచ్చినా, పోయినదాన్ని తిరిగి తేలేదు. అందుకే మాస్టర్ అనేది టేపులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి: రొదతో, దగ్గుతో, మైకు తగిలిన చప్పుడుతో సహా. శుభ్రం చేసుకోవాలంటే దాని నకలు తీసి, శ్రోతలకిచ్చే ప్రతి మీద ఎంతైనా చేసుకోండి. శబ్దం మట్టాన్ని మొత్తంగా పెంచే నార్మలైజ్ కూడా మాస్టర్ మీద వద్దు. 24 బిట్‌లో చోటుకు కరువు లేదు కాబట్టి, పెద్ద శబ్దాలు మైనస్ 6 నుంచి మైనస్ 10 డెసిబెల్స్ మధ్య తగిలేలా పెట్టుకుంటే చాలు. తరంగం సన్నగా కనిపిస్తోందని కంగారుపడనక్కర్లేదు.

మాస్టర్ తయారుచేసే పనిలో ఎఫెక్ట్ మెనూను నేను తెరిచే సందర్భం ఒకటుంది, అదీ పారేయబోయే పరీక్ష ముక్క మీద. క్యాసెట్ల పనిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. ఇంత నెమ్మదిలో హెడ్డు టేపుకు సరిగ్గా నిలువుగా లేకపోతే పై స్వరాలన్నీ మూగబోతాయి. దాన్నే అజిముత్ అంటారు. ఏ క్యాసెట్‌ను ఏ యంత్రం మీద రికార్డు చేశారో, దాని హెడ్డు ఎంత వంకరగా ఉండేదో మనకేం తెలుసు? అందుకే ప్రతి క్యాసెట్‌కూ విడిగా సరిచేసుకోవాలి. ఒకే మైకుతో తీసిన మోనో సంభాషణ అనుకోండి. అర నిమిషం రికార్డు చేసి, స్టీరియో ట్రాకును రెండు మోనోలుగా విడదీస్తాను. ఒకదానికి, తరంగాన్ని తలకిందులు చేసే ఇన్వర్ట్ కొట్టి రెండింటినీ కలిపి వింటాను. రెండు చానళ్ల మట్టం సమానంగా ఉండి హెడ్డు సరిగ్గా ఉంటే గొంతు దాదాపు మాయమై ఉత్త రొద మిగలాలి. ‘స’కారాలు ఇంకా బుసబుసమంటూ వినపడుతుంటే హెడ్డు వంకరగా ఉన్నట్టు. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ అర నిమిషం. కాస్త చెయ్యి తిరిగాక హెడ్‌ఫోన్‌ను మోనోలో పెట్టుకుని, పై స్వరాలు విచ్చుకునే చోటును చెవితోనే పట్టేయొచ్చు. కానీ నేర్చుకునేటప్పుడు ఈ ఇన్వర్ట్ పద్ధతిని మించిన గురువు లేదు. దీని తర్వాత వచ్చే తేడా ముందు ఏ నాయిస్ రిడక్షనూ నిలవదు. నాసిరకం యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లను నేను వద్దనడానికీ ఇదే కారణం. వాటిలో ఈ స్క్రూ చేతికి అందదు, వేగం నిలకడగా ఉండదు, కన్వర్టర్ సంగతి సరేసరి.

స్పూల్ టేపుల్లో ఆడాసిటీ చేయగలిగేది ఇంకా తక్కువ. 1970లు, 80ల నాటి కొన్ని టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే బంక తేమ పీల్చి జిగురవుతుంది. నడిపితే కీచుమంటుంది, హెడ్డు మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. వెంటనే ఆపేయాలి. 50 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూఇటూగా గంటల తరబడి సన్నని వేడిలో ఉంచితే కొన్నాళ్లపాటు ఆడించే స్థితికి వస్తుంది. అదే టేపు అసిటేట్ రకమైతే వేడి పెట్టకూడదు, పాడైపోతుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే చుట్టలోంచి కాంతి కనిపించేది సాధారణంగా అసిటేట్, పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది కుళ్లడం మొదలైందని. ఈ పని తెలిసినవాళ్లకే వదిలేయడం మంచిది.

78 రికార్డులకు ముల్లే ప్రాణం. ఎల్‌పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు, 78 గాడికి 65 నుంచి 75 దాకా కావాలి. ఎల్‌పీ ముల్లు పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల గ్రేట్ 78 ప్రాజెక్టులో ఒక్కో రికార్డును నాలుగు రకాల ముళ్లతో ఒకేసారి ఎక్కించారంటే ఊరికే కాదు. గాడిలో ఏ ఎత్తున అరుగుదల తక్కువుందో ఆడించి చూస్తేగాని తెలియదు. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ప్రమాణం స్థిరపడకముందు, రికార్డు కోసేటప్పుడు కింది, పై స్వరాల మట్టాన్ని మార్చే ఈక్వలైజేషన్ కంపెనీకొకటి ఉండేది కాబట్టి, నేను ఈక్వలైజేషన్ లేకుండా చదునుగా ఎక్కించి, ఆ దిద్దుబాటు నకలు మీద చేస్తాను.

ఆడాసిటీలో నాకు రోజూ అక్కరకొచ్చేవి, జనం పెద్దగా పట్టించుకోనివి రెండున్నాయి. ఒకటి లేబుల్ ట్రాక్. టేపు నడుస్తుండగానే “ఇక్కడ కరెంటు పోయింది”, “ఇక్కడ వేరే గొంతు” అని గుర్తులు పెట్టి, చివర్లో వాటిని టెక్స్ట్ ఫైలుగా తీసుకోవచ్చు. తర్వాత సూచిక రాసేవాళ్లకు సగం పని తప్పుతుంది. రెండోది డ్రాపౌట్ హెచ్చరిక. కంప్యూటర్ తడబడి కొంత శబ్దం జారిపోతే ఆ చోటునే లేబుల్ పెట్టి చూపిస్తుంది. ఇది మౌనంగా ఊరుకునే రకమైతే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడో పక్కన పడేసేవాణ్ని.

వివరాల దగ్గరకొస్తే ఆడాసిటీ చేతులెత్తేస్తుంది. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ తెచ్చిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ రకంలో, ఫైలు లోపలే ఆ శబ్దం చరిత్ర రాసుకునే అరలు ఉంటాయి. వాటిని నింపడానికే బీడబ్ల్యూఎఫ్ మెటాఎడిట్. ఏ యంత్రం మీద ఆడించాం, ఏ వేగం, ఏ ఈక్వలైజేషన్, ఏ కన్వర్టర్ అన్నది కోడింగ్ హిస్టరీలో పడుతుంది. దీన్ని ఫైళ్ల గుంపు మీద ఒకేసారి నడపొచ్చు. నాకు మరీ నచ్చింది ఎండీ5 సంగతి, అంటే శబ్దం మారిందో లేదో పట్టిచ్చే వేలిముద్రలాంటి సంఖ్య. ఫైలు మొత్తానికి కాకుండా ఒక్క శబ్ద భాగానికి మాత్రమే లెక్కకట్టి ఫైల్లోనే దాస్తుంది. రేపు పేరులో అచ్చుతప్పు దిద్దినా శబ్దం తాలూకు గుర్తు మారదు. డిస్కు మార్చినప్పుడల్లా సరిపోల్చుకోవచ్చు.

ఒక చిక్కు మనలాంటివాళ్లకే. ప్రమాణం ప్రకారం వివరణ అరలో 256 ఆస్కీ అక్షరాలే (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) పట్టాలి, అంటే తెలుగుకు చోటు లేదు. ఏదోలా తెలుగు దూర్చినా, ఇంకొక ప్రోగ్రాములో తెరిస్తే చెత్త అక్షరాలు రావచ్చు. నేను ఆ అరలో క్యాటలాగ్ సంఖ్య, ఇంగ్లీషు అక్షరాల్లో క్లుప్తంగా పేరు మాత్రమే పెడతాను. పాడినవాళ్లు, ఊరు, సందర్భం, డబ్బా మీది చేతిరాత అన్నీ తెలుగులోనే క్యాటలాగులో ఉంటాయి. డబ్బాను రెండువైపులా ఫొటో తీసి అదే సంఖ్యతో పక్కన పెడతాం.

పని నడుస్తుండగా ఆడాసిటీ రాసుకునే ఏయూపీ3 ప్రాజెక్టు ఫైలును మాత్రం దాచే ఫైలుగా ఎవరూ పొరబడకండి. అది లోపల ఒక డేటాబేసు, ఆడాసిటీ తప్ప తెరిచేవి అరుదు. పని అవుతున్నంతసేపే దాని బతుకు. వేవ్ ఫైలు సరిచూసుకున్నాక చెరిపేయడమే.

దీనికి చేతకానిదల్లా రాశిలో పని. ఒకసారికి ఒకే పరికరం నుంచి రికార్డు చేస్తుంది. గంట క్యాసెట్టుకు గంట కూర్చోవాల్సిందే. నాలుగు డెక్కులు పక్కపక్కన పెట్టి నాలుగు వేర్వేరు ఫైళ్లుగా, వాటంతటవే తప్పులు పట్టే తనిఖీతో ఎక్కించాలంటే, అందుకోసమే తయారుచేసిన వ్యవస్థలు వేరే ఉన్నాయి, ఖరీదైనవే. అల్మారాలో కొన్ని వందల టేపులున్న గ్రంథాలయానికి ఆడాసిటీ చాలు. ఆ డబ్బుతో మంచి కన్వర్టర్, సర్వీసు చేయించిన పాత డెక్కు, విడివిడి చోట్ల పెట్టే రెండు మూడు కాపీలకు డిస్కులు కొనండి. వేలల్లో ఉంటే, అందులోనూ టేపులు అప్పటికే జిగురు పడుతుంటే, దీనితో మొదలుపెట్టొద్దు.