స్కాన్సెన్ చూశాక ఉదయగిరి

స్టాక్‌హోమ్‌లో ఉంటున్న మేం సెలవులకి నెల్లూరు వస్తే మైపాడు బీచి, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి చూసుకుని వెళ్ళిపోతుంటాం. ఈసారి పాపని ఉదయగిరి తీసుకెళ్ళాలనిపించింది. అలా అనిపించడానికి కారణం స్కాన్సెన్.

అది స్టాక్‌హోమ్‌లోని ఆరుబయటి మ్యూజియం. 1891లో ఆర్తుర్ హజేలియస్ తెరిచాడు. ఫ్యాక్టరీలొచ్చి పాత పల్లె బతుకు మాయమవుతోందని, దేశం నలుమూలల నించి ఇళ్ళు విప్పించి తెచ్చి మళ్ళీ నిలబెట్టించాడు. 1730 నాటి సెగ్లోరా చెక్క చర్చి కూడా 1916లో అలాగే వచ్చింది. ఏడో నంబరు ట్రామ్ గేటు దగ్గరే దించుతుంది. తిండికీ బాత్‌రూములకీ వెతుక్కోనక్కర్లేదు. టికెట్ మాత్రం ఖరీదే. చలికాలంలో చాలా ఇళ్ళు మూసి ఉంటాయి గనక వేసవిలో వెళ్ళడమే మంచిది. గాజు ఊదేవాళ్ళ దగ్గర నించి మా పాప ఓ పట్టాన కదలదు. నాకూ అదే ఇష్టం. పని జరుగుతుంటేనే కదా పాత ఇంటికి ప్రాణం!

ఉదయగిరిలో అలాంటి పని బతుకుతెరువుగానే సాగుతోంది. నెల్లూరు నించి సంగం, ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. బస్సులున్నాయి గానీ పిల్లలుంటే కారు మేలు. బస నెల్లూరులోనే పెట్టుకుని తెల్లారకముందే బయల్దేరండి.

ఉదయగిరి కోట ఉన్న కొండ మూడు వేల అడుగుల పైమాటే. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. మేం నడిచిన దారిలో ఈ కథ చెప్పే బోర్డు ఒక్కటీ కనబడకపోవడం బాధనిపించింది. మంచినీళ్ళు కింద నించే మోసుకెళ్ళాలి. "ఎండబడి పైదాకా ఎక్కబాకండి సార్, పాప తట్టుకోలేదు" అని టీకొట్టు పెద్దాయన ముందే చెప్పాడు. ఆయన మాట విని సగం కొండ నించే దిగొచ్చేశాం.

ఆ తర్వాత ఊళ్ళో చెక్క గరిటెలు చేసే ఇంటికి వెళ్ళాం. నార్ది, బిక్కి లాంటి చెక్కలు చెక్కి స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఈ కళకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకావిడ పాప చేతికి ఉప్పుకాగితం ఇచ్చి "నునుపొచ్చిందాకా రుద్దమ్మా" అంది. పాప గంటసేపు తల ఎత్తలేదు. స్కాన్సెన్‌లో పనిని అద్దం అవతల నించో, జనం మధ్య నించో చూస్తాం. ఇక్కడ పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. దయచేసి బేరమాడకండి, ఒక్కో గరిటె వెనక బోలెడు చాకిరీ ఉంది.

సౌకర్యాల్లో స్కాన్సెన్‌కి సాటి లేదు. అయినా పిల్లలకి చేతిపని చూపించాలంటే నేను ఉదయగిరికే ఓటేస్తాను. ఇక్కడ దేన్నీ విప్పి తేనక్కర్లేదు. కొండ కింద నీడ, నీళ్ళు, దారి చూపే మనిషి ఉంటే చాలు.

భైరవకోన గుహాలయాలు కూడా చూడాలనుకుంటే వాటికి ఇంకో రోజు పెట్టుకోండి. వానలు తగ్గాక, సంక్రాంతి ముందూ వెనకా అయితే కొండెక్కడానికి బావుంటుంది.